ఎర్రబడే కన్ను, పట్టేసే నడుము
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లం కాము. ముప్పైయేళ్ళు ఈ మెట్ట పల్లెల్లో బడిపంతులుగా పనిచేసినవాళ్ళం. అయినా ఒక జబ్బు సంగతి మాత్రం పుస్తకం చూడకుండా చెప్పగలము. అది మా యింట్లో తొమ్మిదేళ్ళు మకాం వేసింది. దాని పేరు తెలియకనే మేము దానికి అన్నం పెట్టి పోషించినాము.

మా తమ్ముడు ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పని నేర్చినవాడు. 2003లో వాడికి ఇరవై రెండేళ్ళు. అప్పుడు మొదలైంది నడుము నొప్పి. బరువెత్తితే వచ్చే పట్టు లాంటిది కాదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు నొప్పితో మెలకువ వచ్చేది. నడుము క్రింద, పిర్రల లోపల ఎక్కడో సలుపు. ఒక వారం కుడివైపు, మరో వారం ఎడమవైపు. ఫజరుకు లేచి వుజూకు వంగడమే గగనం. గంటో గంటన్నరో అటూ యిటూ తిరిగితే నడుము వదిలేది. మధ్యాహ్నానికి మనిషి మామూలే, సాయంత్రం పిల్లలతో వాలీబాల్ కూడా ఆడేవాడు. అందుకే వాడి మాట ఎవరమూ నమ్మలేదు. తెల్లవారితే నొప్పి, ఆటవేళకు నొప్పి లేదు, ఇదేం నొప్పిరా అన్నాము. మసీదులో కుర్చీ వేసుకొని నమాజు చదువుతుంటే, ముసలివాళ్ళ కుర్చీలో పాతికేళ్ళ కుర్రాడేమిటని అన్నవారున్నారు. అన్నవారిలో మేమూ ఉన్నాము. ఆ మాట ఈ సభలో ఒప్పుకోవడం మా తమ్ముడికి మేము బాకీ ఉన్నది.

2006 ఎండాకాలంలో వాడి ఎడమ కన్ను ఎర్రబడింది. మన ఇళ్ళల్లో ఏమంటారు? ‘ఆంఖ్ ఆయీ’ అంటారు, బయట కండ్లకలక అంటారు. నందివర్ధనం పూలు పెట్టినాము, పన్నీరు పోసినాము, ఎవరో చెబితే చంటిబిడ్డ తల్లి పాలు కూడా వేసినాము. మందుల షాపులో ఇరవై రూపాయల చుక్కలు తెచ్చినాము. నెల దాటేసరికి తగ్గింది. ఏ వైద్యంతో తగ్గిందని ఇంట్లో వాదన కూడా జరిగింది. ఇప్పుడు తెలిసిందేమంటే, వాటిలో దేనివల్లా తగ్గలేదు. ఆ జబ్బు వచ్చి కొన్ని వారాలుండి తనంతట తానే వెళుతుంది. వెళుతూ వెళుతూ లోపల కొంత పాడుచేసి మరీ వెళుతుంది.

మరుసటి ఏడు కుడికన్ను. 2008లో కువైటుకు డ్రైవరు పనికి వెళ్ళినాడు. అక్కడ రెండుసార్లు మళ్ళీ ఎడమకన్ను. ఇసుక గాలి అన్నారు తోటివాళ్ళు, ఏ.సి. గాలి అన్నారు యింకొందరు. 2012లో ఫోను చేసి, ఎడమకంటికి పొద్దున మంచు పట్టినట్టున్నది, ఎంత తుడిచినా పోవడం లేదన్నాడు. రప్పించి మద్రాసు తీసుకుపోయినాము.

మా యింట్లో అప్పటికి రెండు సంచులుండేవి. ఒకదానిలో నడుము ఎక్స్‌రేలు, రెండోదానిలో కంటి చీటీలు. నడుము డాక్టరు దగ్గరకు కంటి సంచి తీసుకుపోలేదు, కంటి డాక్టరు దగ్గరకు నడుము సంచి తీసుకుపోలేదు. ఎందుకు తీసుకుపోతాము? మద్రాసులో ఆ కంటి డాక్టరమ్మ వాడి కన్ను యంత్రంలో చాలాసేపు చూసి, వచ్చీరాని తెలుగులో, కంటికి ఏ సంబంధమూ లేని ప్రశ్న వేసినారు. “బాబూ, పొద్దున లేస్తే నీ నడుము బిగుసుకుంటుందా?”

వాడు మా ముఖం చూసినాడు. మేము నేల చూసినాము.

ఇక జబ్బు సంగతి. కంటిలో నల్లగుడ్డు అని మనం అనేది నిజానికి ఒక పరదా, మధ్యలో చిన్న రంధ్రం. వెలుతురు ఎక్కువైతే రంధ్రం చిన్నదవుతుంది, తక్కువైతే పెద్దదవుతుంది. ఆ పరదాను ఐరిస్ అంటారు. ఐరిస్, దాని వెనుక గుడ్డు లోపలంతా పరచుకున్న పొర కలిపి యువియా. ఈ పేరు వెనుక మనకు సంతోషం కలిగించే కథ ఒకటున్నది. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అనే క్రైస్తవ పండితుడు కంటిమీద పది ప్రకరణాల గ్రంథం అరబ్బీలో వ్రాసినారు. అరబ్బీ వైద్యులు ఈ పొరను ‘ఇనబియ్యా’ అన్నారు. ఇనబ్ అంటే ద్రాక్ష. తొడిమ తీసిన ద్రాక్షపండులా ఉంటుందని గ్రీకులు ముందే అన్నమాటను వీరు అందుకున్నారు, లాటిన్ వాళ్ళు వీరినుండి తీసుకొని యువియా చేసినారు. ఆ పొర వాచితే యువైటిస్. ముందు భాగం, అంటే ఐరిస్ వైపు వాచేదే మా తమ్ముడికి వచ్చినది.

కండ్లకలకకు, దీనికి తేడా తెలుసుకుంటే సగం పని అయినట్లే. కండ్లకలకలో పుసి వస్తుంది, రెప్పలు అంటుకుంటాయి, తరచు రెండు కళ్ళూ వస్తాయి, ఇంట్లో ఒకరినుండి ఒకరికి పాకుతుంది. దీనిలో పుసి ఉండదు, నీరు మాత్రం కారుతుంది. సాధారణంగా ఒక్క కన్నే, ఈసారి ఇది, మరోసారి అది. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు ఎక్కువ. వెలుతురు చూడలేరు, దీపం కూడా గుచ్చినట్లుంటుంది. కన్ను లోపల నొప్పి, చూపు మసక. ఎవరికీ అంటదు. వాచిన ఐరిస్ వెనుకనున్న కంటి కటకానికి అతుక్కుపోతుంది. గుండ్రని రంధ్రం వంకర టింకర అవుతుంది. అలా పదే పదే జరిగితే శుక్లం, కంటి ఒత్తిడి, చివరకు చూపు నష్టం. ఆలస్యం చేసినకొద్దీ అతుకు గట్టిపడుతుంది.

నడుముకు, దీనికి చుట్టరికమేమిటి? వెన్నెముక క్రింద, తుంటి ఎముకలతో కలిసేచోట రెండు కీళ్ళున్నాయి. అక్కడ వాపు మొదలై పైకి ప్రాకి, కొందరిలో వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కొని వెన్ను వెదురుబొంగులా అయిపోయే జబ్బును యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. పేరు నోరు తిరగదు, ఏ.ఎస్. అంటే చాలు డాక్టర్లకు తెలుస్తుంది. (ఎ.ఎస్.పేట అనుకొని నవ్వుకోకండి, మా తమ్ముడే మొదట అట్లా నవ్వినాడు.) శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరబడి సొంత కీళ్ళమీద పడుతుంది. అదే శక్తి అదే పొరపాటుతో ఐరిస్ మీద కూడా పడుతుంది.

1973లో లండన్‌లో డాక్టర్ బ్రూవర్టన్, ఆయన సహచరులు ఈ నడుము జబ్బున్న 75 మంది రక్తం పరీక్షిస్తే, 72 మందిలో హెచ్.ఎల్.ఏ. బి-27 అనే వారసత్వ గుర్తు కనబడింది. జబ్బులేని 75 మందిలో ముగ్గురికే ఉన్నది. అదే ఏడు అమెరికాలో లాస్ ఏంజలిస్ వైద్యులూ ఇదే కనుక్కొన్నారు. ఆ యేటనే బ్రూవర్టన్ బృందం ఐరిస్ వాచినవాళ్ళను పరీక్షిస్తే, వారిలోనూ సుమారు సగంమందికి అదే గుర్తు. అంతకు ముందు రెండు వార్డుల్లో పడుకొనే రోగులు ఒకే ఊరివాళ్ళని అప్పుడు గట్టిగా తేలింది. ఏ.ఎస్. ఉన్నవారిలో నలుగురిలో ఒకరికి, కొన్ని లెక్కల్లో ముగ్గురిలో ఒకరికి, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కన్ను వస్తుంది. తిరగేసి చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఇట్లా కన్ను వచ్చి ఆసుపత్రికి చేరినవారిని పరీక్షించి 2015లో ప్రచురించినారు. వారిలో నూటికి సుమారు నలభై మందికి ఈ జాతి కీళ్ళవాతం అంతకుముందే ఉన్నది, వారికి ఎవరూ చెప్పలేదు.

అయితే బి-27 ఉంటే జబ్బు ఉన్నట్టే అనుకోవద్దు. ఉన్నవారిలో చాలా ఎక్కువమందికి జీవితాంతం ఏమీ రాదు. లేనివారిలో కొందరికి వస్తుంది కూడాను. ఈ ముక్క ఎందుకు నొక్కి చెబుతున్నామంటే, మా తమ్ముడి రిపోర్టు సంగతి తెలిసి ఒక సంబంధం వెనక్కు పోయింది. “ఆ ఇంట్లో రక్తంలోనే ఉందట” అన్నారు. రక్తంలో ఉన్నది గుర్తు మాత్రమే, అదేమీ అంటురోగం కాదు, శాపం అంతకన్నా కాదు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వస్తాము. ఇక్కడ దీన్ని కనుక్కోవడం మరింత కష్టం, కారణం మన నీళ్ళు. మన దేశంలో మనుషులకు ఫ్లోరైడు జబ్బు వస్తున్నదని 1937లో షార్ట్, ఆయన తోటి వైద్యులు మొట్టమొదట వ్రాసినది నాటి మద్రాసు రాజధానిలోని మన నెల్లూరు జిల్లా మెట్టను చూసే. కనిగిరి, పొదిలి ప్రాంతాలు అప్పుడు మన జిల్లాలోనివే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయినాయి. మనుషులకంటె ముందు ఎద్దులు కాళ్ళు బిగుసుకొని కాడి క్రింద కూలబడటం రైతులే గమనించినారంటారు. 1955లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ ఎ.హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లా సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినారు. కనుక మనకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం ఒకటే: నడుము వంగకపోతే బోరునీళ్ళు. మా తమ్ముడికీ అదే అన్నారు, మేమూ అదే అన్నాము. ఇంటికి క్యాను నీళ్ళు తెప్పించినాము. నీళ్ళు మార్చడం మంచిదే, మార్చండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఎవరికీ మంచిది కాదు. కాని ఆ నీళ్ళ నెపంతో వేరే జబ్బు దాక్కుంటే?

ఎక్స్‌రేలో రెండూ ఒక్కలాగే కనబడవచ్చునని డాక్టర్లే చెబుతారు, రెంటిలోనూ వెన్ను బిగుస్తుంది. కాని తేడాలున్నాయి. ఫ్లోరైడు జబ్బు సాధారణంగా ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు త్రాగినమీదట, వయసు మళ్ళుతుండగా ముదురుతుంది. అదే నీళ్ళు త్రాగిన ఇరుగుపొరుగుకూ ఎంతో కొంత ఉంటుంది. చిన్ననాటినుండి త్రాగినవారి పళ్ళమీద గారమచ్చలుంటాయి. ఎముకలు మామూలుకంటె దట్టంగా కనబడతాయి, మోచేతి క్రింది రెండు ఎముకల నడుమ పొరలో సున్నం పేరుకుంటుంది. ఏ.ఎస్. ఇరవైలలో, ముప్పైలలో మొదలవుతుంది, నలభై దాటి మొదలుకావడం అరుదు. ఇంట్లో ఒకడికి ఉంటుంది, పక్కింట్లో ఎవరికీ ఉండదు. అన్నిటికంటె ముఖ్యం, ఫ్లోరైడుకు కన్ను ఎర్రబడదు. నీళ్ళు నడుమును వంచగలవేమో గాని, ఐరిస్‌ను వాయించలేవు. పళ్ళమీద మచ్చలున్నంత మాత్రాన రెండో జబ్బు లేదనీ కాదు, ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు.

రెండో నెపం పని. గరిటెలు చెక్కేవారు పొద్దంతా వంగి కూర్చుంటారు, కుట్టుమిషను మీద మన ఆడపడుచులు కూర్చుంటారు, లారీ డ్రైవర్ల సంగతి చెప్పనక్కరలేదు. వీరందరికీ నడుము నొప్పి ఉంటుంది. దాన్ని తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటున్నది. పనివల్ల వచ్చిన నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఈ నొప్పి పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. పొద్దున అరగంటకు పైగా బిగుతు, మూడు నెలలు దాటి ఉండటం, రాత్రి రెండో సగంలో నిద్ర లేపడం, ఇవి ఉంటే అనుమానించాలి. మంచం మీద విశ్రాంతి తీసుకోమని మా తమ్ముడికి నెలరోజులు మేమే ఊడిగం చేసినాము. వాడికి అది శిక్ష అయింది.

తల్లులతో ఒక మాట. ఇది మగవాళ్ళ జబ్బని చాలాకాలం అనుకున్నారు, అది సరికాదు. స్త్రీలకూ వస్తుంది, వారిలో ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. కాన్పు తర్వాత నడుము నొప్పి మామూలేనని మనమే నోరు మూయిస్తాము. అటువంటి అమ్మాయికి కన్ను కూడా ఎర్రబడిందంటే ఊరుకోకండి.

పరీక్షల విషయంలో మోసపోకండి, అంటే మోసం చేస్తారని కాదు, మనమే మోసపోతాము. ల్యాబులో ‘ఆర్థరైటిస్ పరీక్ష’ అని ఆర్.ఏ. ఫ్యాక్టరు, యూరిక్ యాసిడ్ చూస్తారు. ఈ జబ్బులో అవి రెండూ మామూలుగానే ఉండవచ్చు. మాకు ఒకచోట ఆ కాగితం చూసి కీళ్ళవాతం లేదు పొమ్మన్నారు. ఎక్స్‌రేలో మార్పు కనబడటానికి ఏళ్ళు పట్టవచ్చు, ఎం.ఆర్.ఐ.లో ముందుగా కనబడుతుంది. చూపించవలసినది రుమటాలజిస్టుకు. హైదరాబాదు నిమ్స్‌లో ఆ విభాగం ఉన్నది. కంటికి మద్రాసు శంకర నేత్రాలయ, హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ సంస్థ వంటిచోట్ల యువైటిస్‌కు ప్రత్యేక వైద్యులున్నారు. అంతదూరం వెంటనే పోలేకపోతే కావలికో నెల్లూరుకో పోయి, స్లిట్ ల్యాంపు అనే యంత్రమున్న కంటి డాక్టరుకు ఆ రోజే చూపించండి. మన దక్షిణ దేశంలో క్షయ వల్లా, ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరా వల్లా కూడా యువియా వాస్తుంది గనుక అవి కావని తేల్చుకోవాలి.

కంటికి మొదట గంటగంటకూ స్టిరాయిడ్ చుక్కలు, ఐరిస్ అతుక్కోకుండా రంధ్రాన్ని పెద్దదిచేసే చుక్కలు ఇస్తారు, వారాల మీద తగ్గిస్తూ వస్తారు. ఎరుపు పోయిందని మధ్యలో మానితే మళ్ళీ తిరగబెడుతుంది. ఇక పాత సీసా చూపించి షాపులో సొంతంగా కొనే అలవాటున్నదే, అది మరీ ప్రమాదం. స్టిరాయిడ్ చుక్కలు ఎక్కువకాలం వాడితే కంటి ఒత్తిడి, శుక్లం వస్తాయి. నల్లగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు వేస్తే కన్నే పోవచ్చు. రంజానులో చుక్కలు మానేసినవారిని మేము ఎరుగుదుము. చుక్కలతో రోజా సంగతి మన ఆలిములను అడగండి. అనుమానం తీరకపోతే రోగికి రోజాలు తర్వాత పూర్తిచేసుకొనే వెసులుబాటు ఖురాన్ రెండవ సూరాలోనే ఉన్నదికదా. కన్ను పోయాక తిరిగి పూర్తి చేసుకోలేము. ఎ.ఎస్.పేటకు పోయి మొక్కుకొనేవారిని మేము వద్దనము. దువా దువాయే, దవా దవాయే.

నడుముకు మొదటి మందు నొప్పి, వాపు తగ్గించే మాత్రలు, వాటితో సమానంగా రోజూ వ్యాయామం. ఆ మాత్రలు కడుపును, మూత్రపిండాలను దెబ్బతీయగలవు గనుక డాక్టరు లెక్కలోనే మింగాలి. బీడీ, సిగరెట్ ఈ జబ్బును ముదిరిస్తాయి. వీటికి లొంగకపోతే ఇంజెక్షన్లున్నాయి. అడాలిముమాబ్ అనేది నడుముకూ పనిచేస్తుంది, కన్ను రావడమూ తగ్గిస్తుంది. అదే జాతిలో ఎటనర్సెప్ట్ నడుముకు మంచిదేగాని కంటికి అంత కాపు కాయదు. అందుకే ఇంజెక్షను వ్రాసే డాక్టరుకు కంటి చరిత్ర తెలియాలి. ఇవి మొదలుపెట్టే ముందు ఒంట్లో దాగిన క్షయ ఉందేమో తప్పక చూడాలి, లేకుంటే అది లేచి కూర్చుంటుంది. ఖరీదు ఎక్కువే. 2014 చివర్లో అహమ్మదాబాదు జైడస్ కంపెనీ అడాలిముమాబ్‌కు దేశీయ రూపం తెచ్చినప్పటినుండి కొంత దిగింది, అయినా మనబోటివాళ్ళకు భారమే. ఈ సంఘం వైద్యసహాయ నిధిలో ఇటువంటి దీర్ఘరోగులకు ఒక పద్దు ఉంచాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. ఈ కోరిక మినిట్సులో వ్రాయండి.

మా తమ్ముడు ఇప్పుడు ఉదయగిరిలోనే ఉన్నాడు, మళ్ళీ గరిటెలు చెక్కుతున్నాడు. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేసి కూర్చుంటాడు. మెడ పూర్తిగా తిరగదు, పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తాడు. కుడికన్ను బాగున్నది. ఎడమకంటికి శుక్లం తీసినారు, చూపు సగమే వచ్చింది. పోయినసారి కుడికన్ను కొంచెం ఎర్రబడి వెలుతురు గుచ్చగానే, మాకు ఫోను చేయకుండానే కావలి బస్సెక్కినాడు. రెండు చీటీలూ ఒకే సంచిలో పెట్టుకొని పోయినాడు.

సభ అయినాక మేము వాకిట వేపచెట్టు క్రింద కూర్చుంటాము. ఇళ్ళల్లో ఇటువంటివారుంటే వచ్చి చెప్పండి. ఎక్స్‌రేలు మాకు చూపవద్దు, మేము చదవలేము. ఎక్కడికి పోవాలో, అక్కడ ముందుగా ఏమి చెప్పాలో మాత్రం కాగితం మీద వ్రాసిస్తాము. అసరు వేళ అవుతున్నది, మా తర్వాత మాట్లాడవలసినవారు గడియారం చూస్తున్నారు. సెలవు. అస్సలాము అలైకుమ్.